పది రోజుల వాలంటీర్లు మనకెందుకు?



ఈ ఎండాకాలం విదేశీ వాలంటీర్లను మళ్లీ మన గూడేలకు, తండాలకు తీసుకుపోదామని గ్రూపులో ప్రతిపాదన వచ్చింది. పది రోజులు ఉంటరట, పిల్లలకు ఇంగ్లిష్ చెప్తరట, బడి గోడలకు రంగులేస్తరట. మన పని దారి చూపెట్టుడు, మాటలు తర్జుమా చేసుడు. మేము దీనికి ఒప్పుకోవడం లేదు. ఎందుకో రాస్తున్నాం. కోపమొచ్చినా చివరిదాకా చదవండి.

పోయిన ఏడాది ఏటూరునాగారం వైపు ఒక గూడేనికి ఇట్లనే ఒక టీం వచ్చింది. మాలో నలుగురం వాళ్ల వెంట ఉన్నాం. వాళ్లు చెడ్డోళ్లు కాదు. చేత్తో తిన్నరు, పిల్లలతో ఆడిండ్రు, ఎండకు ముఖాలు కందినా పని ఆపలేదు. కానీ వాళ్ల రోజు ఎట్ల గడిచిందో మేము చూసినం. లేచేసరికి వేడినీళ్లు సిద్ధం. బోరింగు కాడి నుంచి అవి మోసుకొచ్చింది ఆ ఇంటి అక్క. ఇంట్ల ఉన్న రెండు మంచాలు వాళ్లకిచ్చి ముసలాయన కింద పండిండు. పొద్దూకితే కోడి. మర్నాడు పక్కింటి కోడి.

అది తునికాకు సీజన్. ఏడాదిలో నాలుగు పైసలు కండ్ల జూసేది ఆ కొన్ని వారాలే. తెల్లారకముందే అడవికి పోవాలి, తెచ్చిన ఆకు కట్టలు కట్టాలి, కల్లంలో అప్పజెప్పాలి. ఇంటికొచ్చిన సుట్టాలను వదిలిపోతే మర్యాద కాదని ఆ అక్క మూడు రోజులు ఆకుకు పోలేదు. ఆ మూడు రోజుల కూలి ఎవరి లెక్కలోనూ ఎక్కలేదు. ఫొటోల్లో మాత్రం ఆమె నవ్వుతూ ఉంది. పదో రోజు పిల్లలు ఏడ్చిండ్రు, వాళ్లూ ఏడ్చిండ్రు, జీపు పోయింది. వానలు పడంగనే గోడ మీది ఏనుగు బొమ్మ పెచ్చులూడింది. జూన్‌లో బడి తెరిస్తే టీచర్ లేడు.

1961లో అమెరికా పీస్ కోర్ మొదటి జట్టు పడమటి ఆఫ్రికాలోని ఘనాకు పోయింది. బడి పంతుళ్లుగా, రెండేళ్ల ఒప్పందం మీద. అది కూడా చాలదనే వాదన ఉంది. మన దగ్గరికొచ్చేసరికి ఆ రెండేళ్లు పది రోజులైనయి.

"మరి హైమండార్ఫ్ విదేశీయుడు కాదా?" అని ఒక తమ్ముడు అడిగిండు. అవును, విదేశీయుడే. ఆస్ట్రియాలో పుట్టిండు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉన్నందుకు ఇంగ్లీషోళ్లు ఆయన్ను శత్రుదేశస్థుడిగా లెక్కేసి హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపిన తర్వాతనే నిజాం సర్కారుకు గోండుల బాధ తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టింది, ఆయన్ను పంపింది. ఈ వరుస మర్చిపోవద్దు: ముందు భీం నెత్తురు, ఆ తర్వాత హైమండార్ఫ్ నోట్‌బుక్కు. ఆయన, భార్య బెట్టి మార్లవాయిలో మట్టి గోడల గడ్డి ఇంట్లో కాపురం పెట్టిండ్రు. గోండి నేర్చుకున్నరు. 1943లో అక్కడ మొదలైన శిక్షణ కేంద్రంలో గోండు యువకులే టీచర్లుగా తయారైండ్రు, గోండి వాచకాలు వచ్చినయి. భూములకు పట్టాలు వచ్చినయి. 1987లో బెట్టి చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు. లండన్‌లో పోయిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకే చేరినయి.

అట్లని ఆయన్ను దేవుణ్ని చేయమంటలేం. సర్కారు మనిషిగానే వచ్చిండు. 1970లలో మళ్లీ తిరిగి చూస్తే, ఇప్పించిన భూములే బయటోళ్ల చేతుల్లోకి పోతున్నయి. ఆ సంగతి తన 1982 పుస్తకంలో తనే రాసిండు. అన్నేండ్లు మన నడుమ బతికి, భాష నేర్చి, సర్కారులో మాట చెల్లిన మనిషి చేసిందే నిలవకపోతే, గోడకు రంగేసినోళ్లది ఏం నిలుస్తది?

మార్లవాయిలో పనిచేసింది తెల్లోడి మంచితనం కంటే గోండి తెలిసిన గోండు టీచరే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3 వచ్చింది 2000 జనవరిలో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు లాక్‌డౌన్‌లో ఇండ్లల్ల కూసున్నం, చాలామందికి వారం దాకా తెలియనే లేదు. డీఎడ్, బీఎడ్ చేసిన మనోళ్లు హన్మకొండ రూముల్లో కోచింగ్ పుస్తకాలు ముందేసుకొని కూసుంటే, మన ఊరి బడిలో "ఏ ఫర్ ఆపిల్" చెప్పడానికి వేరే ఖండం నుంచి మనిషి రావాల్నా? పైగా వాలంటీర్లు వచ్చిండ్రని చెప్పి ఖాళీ పోస్టు మాటే ఎవరూ ఎత్తరు.

మమ్మల్ని మేమూ అనుకోవాలె. సెలవులకు పోయి నాలుగు రోజులుండి, రెండు ఫొటోలు పెట్టి, అమ్మ వండిన ఇప్పపువ్వు తిని బస్సెక్కుతున్నం. మాలో కొందరికి కోయ మాట వింటే అర్థమైతది గానీ నోరు తిరగదు. గోర్‌బోలీదీ అదే కథ. గూడెంల మనమూ ఫోన్ పట్టుకున్న వాలంటీర్లమే అయినం.

అందుకే మా మాట ఇది. ఎవరైనా రావాలంటే కనీసం ఒక చదువు సంవత్సరం ఉండాలి, ఊరి మాట నేర్చుకోవాలి, ఉండే ఇంటికి తిండి ఖర్చు ముందే ఇయ్యాలి. తునికాకు సీజన్‌లో ఎవరూ రావొద్దు. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క ఫొటో తీయొద్దు. ఈ షరతులకు సరే అంటే వాళ్ల సంచులు మేమే మోస్తం.

ఆదివారం హన్మకొండలో కూర్చుందాం. వచ్చేటప్పుడు మీ ఊరి బడిలో ఎన్ని పోస్టులున్నయి, ఎన్ని ఖాళీ, ఉన్న టీచర్‌కు పిల్లల భాష వస్తదా రాదా, ఈ మూడు రాసుకొని రండి.