రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను

మా కొనకనమిట్లలో 'రోజూ మార్కాపురం వెళ్తాను' అంటాం, 'రేపు మార్కాపురం వెళ్తాను' అనీ అంటాం. క్రియ ఒక్కటే. కాలం సంగతి రోజూ, రేపు అనే మాటలే చూసుకుంటాయి. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియే చెయ్యాలి: మొదటిది 'ఐ గో', రెండోది 'ఐ విల్ గో'.

ఈ తేడా మనకు కొత్తేం కాదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అనే రూపమూ ఉంది. అలవాటుగా జరిగేదాన్ని చెప్పేది అదే. నేటి వాడుకలో అదీ, భవిష్యత్తూ ఒకే రూపంలో కలిసిపోయాయి.

అసలు చిక్కు మా సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో వస్తుంది. 'మూడేళ్లుగా పనిచేస్తున్నా' అనుకుని చాలామంది 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటారు. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్' అనాలి. అదే 'ఐ వర్క్‌డ్ ఫర్ త్రీ ఇయర్స్' అన్నారనుకోండి, ఆ ఉద్యోగం మానేశారనే అనుకుంటారు!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పన్నెండు టెన్సులూ బట్టీ కొట్టేముందు ఒక్కటి అడగండి: ఈ పని అయిపోయిందా, ఇంకా నడుస్తోందా, రోజూ ఉండేదేనా? జవాబు దొరికితే సగం గ్రామర్ వచ్చినట్టే.