గోడ లేచుచుండగా పొలములు మ్రింగినవారు

నెహెమ్యా గోడ కట్టిన వృత్తాంతము మీద మన సంఘములలో ప్రసంగములు అనేకము విన్నాము. మధ్యనున్న 5వ అధ్యాయమును మాత్రము బోధకులు తరచుగా దాటిపోవుదురు. ఏలయనగా ఈ అధ్యాయములో శత్రువు గోడ వెలుపల లేడు, లోపలనే యున్నాడు.

కరవు వచ్చెను. బీదలు గింజల కొరకు పొలములను, ఇండ్లను కుదువపెట్టిరి; రాజు పన్ను కట్టుటకు అప్పుచేసిరి; తుదకు బిడ్డలను దాసత్వమునకు అప్పగించిరి. పుచ్చుకొన్నదెవరు? అన్యజనులు కారు, యూదుల ప్రధానులును అధికారులునే!

ఇది మనకు దూరపు కథ కాదు. పార్వతీపురం, పాలకొండ ఏజెన్సీలలో సవరల, జాతాపుల భూములు ఇట్లే పోయెను. షావుకారు ఉప్పు, బట్ట, గింజలు అప్పిచ్చును. పంటను కళ్లములోనే కొలుచుకొని పోవును. వడ్డి తీరక మడి అతని పరమగును. ఊరికి పెద్దలనిపించుకొన్నవారు వెట్టి చేయించుకొనిరి. ఏజెన్సీలో వడ్డిని, భూముల బదిలీని అదుపుచేయ 1917లో చట్టము వచ్చెను. 1959లో మరియొకటి, 1970లో ఇంకను గట్టిది వచ్చెను. చట్టము మీద చట్టము కావలసివచ్చినదనగా, పెద్దలు మొదటిదానిని లక్ష్యపెట్టలేదనియే గదా! 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచున్న గిరిజనులలో ఇద్దరు, లేవిడి యొద్ద భూస్వాముల పక్షమువారి చేత చంపబడిరి. పిమ్మట ఆ కొండలలో ఎంత రక్తము చిందెనో పెద్దవారికి జ్ఞాపకమే.

“అది రాజకీయము, మనకేల?” అని కొందరు విశ్వాసులు అందురు. అట్లయిన నెహెమ్యా చేసినదేమి? బీదల మొర విని అతడు మిగుల కోపించెను. ప్రధానులను సభ యెదుట నిలువబెట్టి గద్దించెను. పశ్చాత్తాపపు కన్నీళ్లతో విడువక, పొలములను, ఇండ్లను, తీసికొన్న వడ్డిని తిరిగి ఇచ్చివేయుమనెను. యాజకుల యెదుట ప్రమాణము చేయించెను. తానో, 12 సంవత్సరములు అధికారికి రావలసిన భోజనపు సొమ్ము ముట్టలేదు. కనుకనే అతని మాటకు బలముండెను.

నా మాటకు ఒకప్పుడు ఆ బలము లేకపోయెను. నా మొదటి సంఘములో ఒక పెద్ద అధిక వడ్డికి అప్పులిచ్చుచుండెను. కానుకల పెట్టెలో అందరికన్న ఎక్కువ వేయువాడు ఆయనయే. ఆదివారము నాకు భోజనము ఆయన యింటనే. ఒక విధవరాలు తన మడిని ఆయనకు వ్రాసియిచ్చిన దినమున సాక్షి సంతకము చేసినవాడను నేనే. తమకు తిండి పెట్టువారికి సమాధానము ప్రకటించు ప్రవక్తలను మీకా గద్దించెను. ఆ గద్దింపు నాదే.

సంఘపెద్దలారా, ప్రభువు బల్ల యొద్దకు వచ్చుటకు ముందు మీ పెట్టెలోని పత్రములు తీసి చూడుడి. కాపరులారా, మీ భోజనము ఎవరి చెమటయో అడుగుడి. మందను మేపక తమ్మును మేపుకొన్న కాపరుల యొద్ద దేవుడు తన గొఱ్ఱెలను గూర్చి లెక్క అడుగునని యెహెజ్కేలు 34వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. జక్కయ్య ప్రభువు తన యింట అడుగుపెట్టిన దినముననే నాలుగంతలు ఇచ్చుటకు ఒప్పుకొనెను. నెహెమ్యా ప్రధానులకు పంట చేతికి వచ్చువరకు గడువు ఇయ్యలేదు.

నేడే తిరిగి ఇయ్యుడనెను.