అడుగువారు లేని సరుకు

ఏటేటా మే నెలలో పన్నెండవ తరగతి పరీక్షాఫలితములు వెలువడగానే మన యిండ్లలో రెండు ప్రశ్నలు వినవచ్చుచుండును. "ఎన్ని మార్కులు?" అనునది మొదటిది. "ఏ కాలేజీ?" అనునది రెండవది. మూడవ ప్రశ్న యొకటి కలదు గాని దానిని అడుగువారు అరుదు. విశ్వవిద్యాలయమున మన బిడ్డకు దొరకగల సదుపాయము లెవ్వి, వానికై ఎప్పుడు, ఎవరిని, ఏ కాగితము చేతబట్టి అడుగవలయును అనునదే ఆ ప్రశ్న. ఈ వారము దానినే చదువరుల ముందుంచ దలచితిమి.

తిరునిన్రవూరు మొదలు తిరుత్తణి వరకు గల మన కుటుంబములకు విశ్వవిద్యాలయ మనగా ముఖ్యముగా మదరాసు విశ్వవిద్యాలయమే. 1857 సెప్టెంబరు 5వ తేదీన శాసనముచే ఏర్పడిన యీ సంస్థ పట్టము కొరకు ఒకప్పుడు ఉత్తర సర్కారుల నుండియు, రాయలసీమ నుండియు విద్యార్థులు చెన్నపట్టణము చేరుచుండిరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట అచ్చటివారికి వేరు ద్వారములు తెరువబడినవి. 2002లో తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయము వెలసి వేలూరు మొదలగు ప్రాంతముల కళాశాలలు దాని క్రిందికి పోయినవి. మనము మాత్రము ఈ పాత గొడుగు క్రిందనే నిలిచితిమి. 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రమునకు వచ్చిన తిరుత్తణిలోని ప్రభుత్వ కళాశాలయు నేడు దీనికి అనుబంధమైనదే.

ఆ తిరుత్తణిలోనే, విశ్వవిద్యాలయము పుట్టిన తేదీననే, అనగా 1888 సెప్టెంబరు 5న, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఒక సామాన్య తెలుగు కుటుంబమున జన్మించిరి. విద్యార్థి వేతనములే ఆయన చదువునకు ఆధారము. మదరాసు క్రైస్తవ కళాశాలలో ఆయన తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు కారణము కూడ ప్రసిద్ధమే. అదే కళాశాలలో చదువు ముగించిన బంధువొకడు తన తత్త్వశాస్త్ర గ్రంథములను ఆయనకిచ్చెను. క్రొత్త పుస్తకములు కొనవలసిన పని లేకపోయినది. ఆ విద్యార్థియే తరువాత 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడును, 1962లో దేశమునకు రాష్ట్రపతియు నయ్యెను. ఒక విద్యార్థి వేతనము, ఒక కట్ట పాత పుస్తకములు సమయమునకు అందుటచే ఎంత కార్యము జరుగునో చూడుడు. ప్రతి బిడ్డయు రాష్ట్రపతి కాకపోవచ్చును. కాని ఆ సహాయము అందక చదువు మానిన బిడ్డ యెట్టివాడు కాగలిగి యుండెనో ఎవరును చెప్పలేరు.

ఇక ఇప్పుడున్న సదుపాయములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది ఉచిత విద్యాపథకము. 2010-11 విద్యాసంవత్సరము నుండి మదరాసు విశ్వవిద్యాలయము తన అనుబంధ కళాశాలలలో బీద విద్యార్థులకు పట్టభద్ర తరగతుల చదువు ఉచితముగా నిచ్చు ఏర్పాటు చేసినది. తల్లిదండ్రులు లేనివారు, వితంతువుల బిడ్డలు, కూలి జనుల బిడ్డలు, వంశమున మొదటిసారి కాలేజీ మెట్లెక్కువారు దీనియందు గమనింపబడుదురు. ఆదాయ పరిమితిని ఆ యేటి ప్రకటనలో చూచుకొనవలయును. ఫలితములు వచ్చిన కొద్ది దినములకే గడువు ముగియును. ఆదాయ ధ్రువపత్రము కొరకు అప్పుడు పరుగిడిన వానికి బండి తప్పిపోవును. కావున ఆ పత్రము ఏప్రిల్ నాటికే ఇంట నుండవలయును.

రెండవది ఆడబిడ్డల నెలసరి సహాయము. 2022 సెప్టెంబరు 5న ప్రారంభమైన పుదుమై పెణ్ పథకము క్రింద, ఆరు నుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలలో చదివి పైచదువులలో చేరిన ఆడబిడ్డకు రాష్ట్ర ప్రభుత్వము నెలకు 1000 రూపాయలు నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో వేయును. మగపిల్లల కొరకు 2024 ఆగస్టులో తమిళ్ పుదల్వన్ అను పథకము వచ్చినది. ఇచట ఒక చిక్కు గలదు. ఈ సహాయమును ఎయిడెడ్ పాఠశాలల వారికి చెప్పునపుడు తమిళ మాధ్యమమున చదివినవారికి అని చెప్పబడినది. ఎయిడెడ్ పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివిన బీదబిడ్డ ఆ మాటలలో కానరాడు. ఆకలికి మాధ్యమ భేదము లేదు గదా! దీనిని తగవుగా గాక, విన్నపముగా ప్రభుత్వమునకు తెలుపుట మన సంఘము విధి. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-బి అధికరణము భాషా అల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని నియమించినది. ఆ తలుపును కూడ తట్టవచ్చును.

మూడవది అంగవైకల్యము గల బిడ్డల హక్కు. 2016 నాటి చట్టము ప్రకారము ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలు తమ స్థానములలో నూటికి 5కు తక్కువ కాకుండ వారికి కేటాయింపవలయును. వయోపరిమితిలో అయిదేండ్ల సడలింపు గలదు. చూపు లేనివారు పరీక్షలో వ్రాయువానిని తోడు తెచ్చుకొనవచ్చును. అధిక సమయము కోరవచ్చును. ఇంతయు నున్నను మన వారిలో కొందరు పెండ్లి సంబంధములకు అడ్డు వచ్చునను భయముచే బిడ్డ లోపమునకు వైద్య ధ్రువపత్రమే తీసికొనరు. దాచిన లోపము దాగదు, బిడ్డ హక్కు మాత్రము దాగిపోవును.

నాలుగవది దూరవిద్య. 1981లో ఏర్పడిన విశ్వవిద్యాలయ దూరవిద్యా సంస్థ ఇంటి వద్దనుండియే పట్టము పొందుటకు మార్గము చూపుచున్నది. అంగట కూర్చుండవలసిన కుమారునికి, చదువు నడుమ పెండ్లియైన కుమార్తెకు, పని మానుకొనలేని ఉద్యోగికి ఇది పనికివచ్చును. సంవత్సరమునకు రెండు పర్యాయములు ప్రవేశము జరుగును. అంగడి కొరకు చదువు మాన్పించితిమను మాటకు ఇక మన వర్తక కుటుంబములలో చోటు లేదు.

అయిదవది మన భాష. దీనిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది.

మదరాసు విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ 1927లో ప్రాచ్య పరిశోధన సంస్థలో భాగముగా వెలసినది. కోరాడ రామకృష్ణయ్యగారు, వారి పిమ్మట నిడదవోలు వేంకటరావుగారు వంటి పండితులు దానిని నడిపిరి. ఎం.ఏ. చదువుటకును, పరిశోధన చేయుటకును ఇచట నేటికిని అవకాశము గలదు. ఇది గాక, అనుబంధ కళాశాలలలో బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదువు విద్యార్థికి మొదటి భాగముగా ఒక భాష యుండును. అది తమిళమే కానక్కరలేదు, తెలుగును కోరవచ్చును. అట్లు కోరిన బిడ్డ అంతకుముందు తమిళము చదివి యుండనిచో అతనికి ప్రాథమిక తమిళము వేరుగా నేర్పెదరు. ముఖ్య విషయమునకు దీనివలన లోపమేమియు లేదు. కాని అన్ని కళాశాలలలో తెలుగు అధ్యాపకుడు లేడు. ఎందుకు లేడని అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: "అడిగినవారు లేరు."

వర్తకులమైన మనకు ఈ మాట బాగుగా తెలియును. గిరాకీ లేని సరుకును ఏ వర్తకుడును మరల తెప్పించడు. రెండు నెలలు అరలో ఉంచును, మూడవ నెల ఆ అర వేరొక సరుకున కిచ్చును. అది ద్వేషము కాదు, లెక్క. కళాశాలయు అట్లే చేయును. పదిమంది అడిగిన చోట అధ్యాపకుడుండును. ఒకడును అడుగని చోట, ఉన్నవాడు విశ్రాంతి పొందిన పిమ్మట ఆ కుర్చీ ఖాళీగా నుండి, తుదకు కుర్చీయే లేకపోవును. పైగా విశ్వవిద్యాలయమునకు ధనపు ఇక్కట్లు తక్కువ కావు. 2024 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ దాని బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసినది. ఇట్టి కష్టకాలమున ఏ సంస్థయైనను విద్యార్థులు తక్కువగా నున్న శాఖల వైపే మొదట చూచును. తెలుగు శాఖను కాపాడవలయునని సభలలో తీర్మానములు చేయుట సులభమే. దానిని నిజముగా కాపాడునది ప్రవేశపత్రములో మన బిడ్డ వ్రాయు "తెలుగు" అను మూడక్షరములే. 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడి యున్నారు. లెక్కలో ఇందరుండి తరగతిలో కొందరైనను లేకపోవుట తగునా?

దీనికి పెద్దలు కొందరు చెప్పు ఆక్షేపణ న్యాయమైనదే. "ఈ రాష్ట్రమున ఉద్యోగమునకు తమిళము కావలయును గదా" అని వారందురు. కావలయును. 2021 డిసెంబరు నాటి ఉత్తర్వుచే ప్రభుత్వోద్యోగ పరీక్షలలో తమిళపత్రమున ఉత్తీర్ణత తప్పనిసరి యైనది. 2006 నాటి శాసనముచే పాఠశాలలలోను తమిళము తప్పనిసరి యైనది. మన బిడ్డలు తమిళమును చక్కగా నేర్వవలయుననియే మా అభిప్రాయము. తరతరములుగా ఈ నేల అన్నము తిని యీ నేల భాషను చిన్నచూపు చూచుట మన మర్యాద కాదు. కాని పన్నెండేండ్లు తమిళము చదివిన బిడ్డకు కాలేజీలో తెలుగు చదివినంత మాత్రమున తమిళము మరపునకు రాదు. అసలు చిక్కు వేరొకచోట నున్నది. ఇంట తెలుగు మాటలాడియు అక్షరములు రాని బిడ్డ ఒక్కసారిగా కాలేజీలో తెలుగు తీసికొనలేడు. ఆ లోటు తీర్చవలసినది కళాశాల కాదు, మనమే.

మన ఊరి నాయనారైన పూసలారు చరిత్ర ఎరుగని వారెవరు? గుడి కట్టుటకు ధనము దొరకక మనసులోనే ఆలయమును నిర్మించి, హృదయాలీశ్వరుని ప్రతిష్ఠించిన భక్తుడాయన. భక్తికి మనసు చాలును. చదువునకు మనసొక్కటే చాలదు. రుసుము కావలయును, బండి చీటి కావలయును, ధ్రువపత్రము కావలయును, తోడు వచ్చు మనిషి కావలయును. తిరునిన్రవూరు నుండి సెంట్రలు వరకు రైలు, అచ్చటి పార్క్ టౌన్ స్టేషనులో మరల బండి యెక్కి చేపాకున దిగిన విశ్వవిద్యాలయము. పోయి వచ్చుటకు ఒక పూట చాలును. ఆ ఒక పూట తోడువచ్చు మనిషి లేకయే ఎందరో బిడ్డలు ఆగిపోవుచున్నారు.

అదే రైలుమార్గమున, మనకు కొద్ది స్టేషన్ల దూరమున, హిందూ కాలేజి అను స్టేషను గలదు. ధర్మమూర్తి రావు బహదూర్ కలవల కణ్ణన్ చెట్టి గారి పేర 1969లో పట్టాభిరామున ఏర్పడిన కళాశాల వలన వచ్చిన పేరది. ఆయన మనవంటి వర్తకుడే. 1920లో గతించెను. ఆయన ధర్మము మాత్రము నేటికిని వేలాది బిడ్డలకు చదువు చెప్పుచున్నది. అందరము కళాశాలలు కట్టలేము. కట్టిన కళాశాలకు బిడ్డను చేర్చుట మన చేతనగును.

కావున మన సంఘము ముందు ఈ నాలుగు పనులను ఉంచుచున్నాము. ఒకటి, ప్రతి వీథిలో పదవ, పన్నెండవ తరగతులు చదువు బిడ్డల జాబితా డిసెంబరు లోపల వ్రాయవలయును. రెండు, ఆదాయము, కులము, మొదటి పట్టభద్రత, అంగవైకల్యము వీనికి సంబంధించిన పత్రములను ఏప్రిల్ లోపల ఇప్పించుటకు, ఇ-సేవా కేంద్రము వరకు తోడు వెళ్లుటకు ఇద్దరు యువకులను నియమింపవలయును. మూడు, చదువు ముగించిన వారి పుస్తకములను అమ్మక సంఘమునకు ఇచ్చి, తరువాతి వారికి పంచవలయును. నాలుగు, ఆదివారము ఒక గంట తెలుగు అక్షరములు నేర్పు తరగతి నడుపవలయును. వీనిలో ఏ ఒక్కదానికిని పెద్ద విరాళము అక్కరలేదు. ఒక పద్దు పుస్తకము, కొంత ఓపిక చాలును.

ఈ వేసవిలో మన వీథి బిడ్డ యొకడు ప్రవేశపత్రము నింపునపుడు పెద్దవారెవరైనను ప్రక్కన కూర్చుండి, భాష అను గడి వద్ద ఒక నిమిషము ఆగి, "నీకేమి కావలయును నాయనా?" అని అడుగుదురు గాక. ఆ అడుగుట యొక్కటి నేర్చితిమేని, కళాశాలలో ఆ సరుకు తప్పక దొరకును.