వెడల్పు టైర్ల మోజు

పాత అంబాసిడర్ కారును ముచ్చటపడి బాగుచేయించుకునేవారు నేటికీ పల్లెల్లో ఉన్నారు. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినా దానిమీద అభిమానం ఆగలేదు. అభినందించవలసిందే. కాని బండి దిట్టంగా కనబడాలని వెనుక మడ్‌గార్డుల లోపలి రేకు కోయించి, వెడల్పు టైర్లు ఎక్కించడం మాత్రం ముప్పు కొనితెచ్చుకోవడమే.

టైరు పక్కన 165 అని ఉంటే దాని వెడల్పు 165 మిల్లీమీటర్లని అర్థం. అక్కడ 205 టైరు వేస్తే, లోపలికి 20, బయటికి 20 మిల్లీమీటర్లు జరుగుతుంది. లోపల కమాను కట్టలు, బయట మడ్‌గార్డు అంచు. ఖాళీ బండి షెడ్డులో నిలిపి చూస్తే ఎక్కడా తగలదు. పెళ్లికో తిరునాళ్లకో ఇంటిల్లిపాదీ ఎక్కి గతుకుల రోడ్డున పడ్డప్పుడు కమాన్లు అణిగి, రేకు అంచు టైరును కత్తిలా కోస్తుంది. వేగంలో టైరు పేలితే జరిగేదేమిటో వేరే చెప్పనక్కరలేదు.

అంచు కోసేస్తే సరి అనుకోవడం మరో పొరపాటు. అంబాసిడర్‌కు లారీకి మాదిరి విడి ఛాసిస్ లేదు. రేకుల కూర్పే దానికి ఎముకల గూడు. బయటి రేకు, లోపలి రేకు అతుకుపడేది ఆ అంచు దగ్గరే. అక్కడ కోస్తే బలం తగ్గుతుంది. బురద చేరి తుప్పు పడుతుంది. అంత చేసినా వానలో వెడల్పు టైరు నీటిమీద తేలి జారే ప్రమాదమే ఎక్కువ.

చట్టం సంగతీ గమనించాలి. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండి స్వరూపం మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం తనిఖీ ఎలాగూ తప్పదు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ పేచీ రావచ్చు.

తయారీదారు చెప్పిన కొలత టైర్లే వేయించుకోవాలి. ఇప్పటికే మార్పించినవారు బండి నిండా మనుషులను ఎక్కించి, టైరుకు, రేకుకు మధ్య ఎడం చూసుకోవాలి. టైరు పక్కన గీత కనబడితే ఆ బండిని కదపరాదు. టింకరింగ్ పనివారు కూడా రేకుమీద కత్తెర పెట్టేముందు ఆ కారులో ఎక్కే పసిపిల్లలను తలచుకోవాలి. తాతల నాటి బండి దర్జా దాని టైర్ల వెడల్పులో లేదు. ఎక్కినవారిని క్షేమంగా ఇల్లు చేర్చడంలో ఉంది.