కొలువులో ప్లాస్టిక్ ఇటుకలు

గత సంవత్సరము దసరా నవరాత్రులలో పీణ్యలోని ఒక తెలుగువారి యింట బొమ్మల కొలువు చూచితిని. ఒంటిగది యిల్లు, మూడే మెట్లు. పై మెట్టున కలశము, అమ్మవారు. నడిమి మెట్టున పెండ్లికొడుకు, పెండ్లికూతురు. క్రింది మెట్టున చన్నపట్నపు కొయ్యబొమ్మలు. నేలమీద, రాగిమొలకల చేని ప్రక్కను, ఆ యింటి పిల్లవాడు రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన జానెడు ఇల్లు. కప్పుమీద తెల్లని మంచు. గుమ్మమున క్రిస్మస్ చెట్టు. పేరంటమునకు వచ్చిన పెద్దావిడ యొకరు, "ఇదేమి నాయనా, అమ్మవారి కొలువులో మంచు కురిసినదే!" అని నవ్విరి. పిల్లవాడు చిన్నబోయి ఆ యింటిని మంచము క్రిందికి త్రోసివేసెను.

ఆ యిల్లు కొలువులోనే యుండవలసినదని నా యభిప్రాయము.

కొలువులో మెట్లు దేవతలవి, పెద్దలవి. మెట్ల క్రింది నేల మాత్రము పిల్లలది. అద్దపు ముక్క చెరువగును, ఇసుక బాట యగును, మొలకెత్తిన ఆవాలు పైరగును, అగ్గిపెట్టెలు రైలుబండి యగును. చేతికందినదానితో లోకమును కట్టుటయే అక్కడి ఆచారము. అగ్గిపెట్టెకు లేని మైల ప్లాస్టిక్ ఇటుకకు ఎక్కడినుండి వచ్చినది?

ఈ యిటుకల పుట్టుక గూడ కొయ్యబొమ్మల యింటనే. డెన్మార్క్ దేశమున బిల్లుండ్ అను ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అను వడ్రంగి 1932లో కొయ్య ఆటవస్తువులు చేయ మొదలిడెను. ఆతని సంస్థయే లెగో. ఒకదానిలో నొకటి బిగియునట్టి నేటి యిటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోరిరి. నాటి యిటుక నేటి యిటుకకు సరిగా అతుకును. అచ్చు వెంట్రుకవాసి తప్పినను ఇది సాగదు. ఆ మాట పీణ్యలో అచ్చులు కోయు తండ్రులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎనిమిదేసి బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధములుగా కూర్పవచ్చునని లెక్కవేసినారు.

ఇన్ని కోట్ల దారులుండగా, పెట్టెలోని కాగితము చూపిన ఒక్క దారినే నడచుట యేల? లోపము ఇటుకలో లేదు, పెట్టెలో నున్నది. క్రిస్మస్ ఇంటికొక పెట్టె కలదు. చైనావారి నూతన సంవత్సరమునకు పెట్టెలు వచ్చుచున్నవి. మన సంక్రాంతికి పెట్టె నేను ఏ యంగడిలోను చూడలేదు; రావలెనని కోరుటయు లేదు. వచ్చినచో మన గంగిరెద్దు ఎట్లుండవలెనో ఆ కాగితమే చెప్పును.

విద్యార్థులారా, ఇటుకల పలకను ఒకసారి తేరిపార చూడుడు. వరుసలు తీరిన ఆ బొడిపెలు మీ అమ్మమ్మ వాకిట పెట్టిన చుక్కలు కావా? చుక్కల ముగ్గు వేయనేర్చిన బాలికకు ఈ విద్య సగము వచ్చినట్లే. నాలుగు గోధుమరంగు ఇటుకల మీద ఒక పసుపు బిళ్ళ పెట్టినచో గుమ్మడిపూవుతో గొబ్బెమ్మ. హరిదాసు తలమీది పాత్ర కొంచెము కష్టము, ప్రయత్నింపదగినది.

మనవారిలో అనేకులకు బొమ్మలు ఊరిలోనే యున్నవి, నాయనమ్మ పెట్టెలో. బస్సులో తెచ్చినచో విరుగును. తెచ్చినను ఒంటిగదిలో దాచుటకు చోటు లేదు. ఇటుకలకు బిస్కట్ల డబ్బా చాలును. ఇక్కడివారి గొంబె హబ్బము దసరాకు వచ్చును. కోస్తాలో పలువురు కొలువు పెట్టునది సంక్రాంతికి. ఆ యిటుకలనే విప్పి, రెండు పండుగలకు రెండు కొలువులు తీర్పవచ్చును.

ప్లాస్టిక్ వలన కొయ్యబొమ్మలవారి కూడు పోవునందురు. ఈ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. ఏటికొప్పాకవారు లక్కబొమ్మలు తీయు అంకుడు కఱ్ఱయు, చన్నపట్నమువారు ఆలె మర మనునదియు ఒకే చెట్టు. పేర్లు రెండు, కఱ్ఱ యొకటి, మన బ్రతుకువలెనే. కనుక ఏటికొక కొయ్యబొమ్మ కొనుట మానరాదు. ఇక విదేశపు పెట్టెలందురా, ఆటవస్తువుల దిగుమతి సుంకము నూటికి 20 నుండి 2020లో 60కి, 2023లో 70కి పెరిగినది. కొత్త పెట్టెకై తండ్రిని వేధించుట కంటె, మూడిండ్ల పిల్లలు తమ విడి యిటుకలను ఒకచోట పోసికొనుట మేలు. పారవేయని ప్లాస్టిక్ వలన చెరువునకు కీడును లేదు.

ఆ పిల్లవాడు మొన్న బడిలో కనబడినాడు. సంక్రాంతికి గంగిరెద్దును కట్టుచున్నాడట. ముగ్గునకు తెల్లని ముక్కలు చాలలేదని, కప్పుమీది మంచునంతయు ఊడదీసినాడట.