ఓపీ చీటీలో పట్టని జబ్బు

విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. కొండల మీద ఐటీ భవనాలు లేచాయి. గీతం విశ్వవిద్యాలయం, దాని వైద్య కళాశాల, ఆసుపత్రి ఇక్కడే ఉన్నాయి. అదే తీరం వెంట జాలరి పల్లెలూ ఉన్నాయి. ఆసుపత్రి ఇంత చేరువలో ఉంటే వైద్యానికి కొదవేముంటుందని అనిపిస్తుంది. కానీ ఆ పల్లెల ఇళ్లలో ఎప్పుడు తింటారో, ఎవరు సంపాదిస్తారో, ఎవరి మాట చెల్లుతుందో తెలియని డాక్టరు రాసిన మందు సగమే పనిచేస్తుంది. ఇది తెలుసుకోవడం వైద్య విద్యలో భాగం కావాలి. మార్కులుండే భాగం కావాలి.

చేపలమ్ముకునే ఒక నడివయసు ఆమెకు సుగరు ఉందనుకుందాం. ఉదయం టిఫిన్‌కు ముందు వేసుకోమని గ్లిమిపిరైడ్ మాత్ర రాస్తారు. ఆమె చీకటితో లేచి, మాత్ర మింగి, ఓ గ్లాసు టీ తాగి హార్బరులో వేలంపాటకు పరుగెత్తాలి. గంప నింపుకుని నాలుగు వీధులు తిరిగి, చేతిలో డబ్బులు పడ్డాకే తిండి సంగతి. ఈలోగా రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. మాత్ర వేసుకుని తినకపోతే జరిగేది ఇదే. ఇంట్లోవాళ్లకు గాలి సోకిందేమోనని, అమ్మోరి మొక్కు తీర్చలేదేమోనని అనుమానం. ఆమె మాత్ర మానేస్తుంది. కొన్ని నెలలకు మానని కాలిపుండుతో వస్తే కేసుషీటులో ‘మందులు సరిగా వాడలేదు’ అని రాసి ఊరుకుంటారు. తప్పు ఆమె ఖాతాలో పడిపోతుంది. ‘పొద్దున ఎన్నింటికి తింటావమ్మా?’ అని మొదటిరోజే అడిగి ఉంటే మాత్రో, వేళో మారేది.

అమ్మోరి మాటను కూడా మూఢనమ్మకమని పక్కకు నెట్టేయడం నాకు సమ్మతం కాదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకోల్స్ విశాఖ తీరపు జాలరుల మధ్య ఉండి అధ్యయనం చేసి, 1990ల్లో వైద్య మానవశాస్త్ర పత్రికల్లో వ్యాసాలు, 1996లో పుస్తకం వెలువరించారు. ఆ అధ్యయనం ప్రకారం, జబ్బు చేసినా, వల ఖాళీగా వచ్చినా ఏ దేవత ఎందుకు ఆగ్రహించిందో తెలుసుకోవడానికి అమ్మవారు పూనినవారిని అడుగుతారు. ఆ ఆరా తీసేకొద్దీ అన్నదమ్ముల తగాదాలు, బంధువుల మధ్య తీరని పేచీలు బయటపడతాయి. క్షయ లాంటి జబ్బుకు మందులే వాడాలి, అందులో రాజీ లేదు. అయితే రోగిని ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలో ఎవరు తేలుస్తారు, అప్పు ఎవరు తెస్తారు, పక్కన ఎవరుంటారు అన్నవన్నీ ఆ పేచీలతోనే ముడిపడి ఉంటాయి. ఆ పేచీల సంగతి విననివాడికి రోగి ఎందుకు ఆలస్యంగా వచ్చాడో ఎప్పటికీ అర్థం కాదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1848లో సైలీసియాలో టైఫస్ ప్రబలితే చూసిరమ్మని ప్రభుత్వం పంపిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, అక్కడి జనానికి చదువు, స్వేచ్ఛ, బతుకుతెరువు కావాలని నివేదిక ఇచ్చాడు. మన దేశంలో 1946లో భోర్ కమిటీ ‘సామాజిక వైద్యుల’ను తయారుచేయాలంది. ఆ పేరుతో పుట్టిన విభాగం చాలా కళాశాలల్లో టీకాల పట్టికలు, జాతీయ కార్యక్రమాల పేర్లు బట్టీపట్టే సబ్జెక్టుగా మిగిలిపోయింది.

ఇప్పుడు జాతీయ వైద్య కమిషన్ కుటుంబ దత్తత కార్యక్రమం పెట్టింది. ఎంబీబీఎస్ విద్యార్థి కొన్ని కుటుంబాలను ఎంచుకుని ఏళ్ల పాటు వెళ్లి చూడాలి. మంచి అవకాశం. కానీ బీపీ, బరువు, హిమోగ్లోబిన్ అంకెలు లాగ్‌బుక్కులో నింపి సంతకం పెట్టించుకోవడంతో సరిపెడితే పల్లెకు వెళ్లినా వెళ్లనట్టే. ఉదాహరణకు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇంట్లో ముందుగా ఏ ఖర్చు తెగుతుంది, బీపీ మాత్రలదా, పిల్లల పాలదా? 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఆపరేషన్ ఖర్చు మోస్తుంది సరే, వేటకు పోని రోజుల రాబడి, తోడున్న మనిషి తిండి, చార్జీలు ఎవరు మోస్తారు? ఏ ల్యాబూ చెప్పదు. గుమ్మంలో కూర్చుని అడగాలి. అడగడం ఎలాగో నేర్పే మానవశాస్త్ర విభాగం ఇదే నగరంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. రెండు క్యాంపస్‌లూ ఒకే తీరాన ఉన్నాయి. ఈ పల్లెల సందర్శనలు ఉమ్మడిగా నడపడానికి అడ్డేమిటో నాకు కనిపించదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మన కళ్ల ముందుంది. దశాబ్దాలు గడిచినా ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. డయాలసిస్ కేంద్రాలు, పలాసలో ఆసుపత్రి, వంశధార నీటి పథకం వచ్చాయి. అవి కావాల్సినవే. తోటల్లో ఎండలో పని, తాగిన నీళ్లు, నొప్పి మాత్రల వాడకం, కూలి రేట్లు కలిపి చూడాలంటే నెఫ్రాలజిస్టు పక్కన సామాజిక శాస్త్రవేత్త కూడా కూర్చోవాలి.

ప్రాక్టికల్ పరీక్షలో రోగి గుండె చప్పుడు విని చెప్పమంటున్నారు. అదే మంచం దగ్గర, ఈ మనిషి ఇన్ని రోజులు ఆలస్యంగా ఎందుకొచ్చాడో కనుక్కుని చెప్పమని కూడా అడగాలి. చెప్పలేకపోతే మార్కులు తగ్గించాలి.