'బగ్ ఉంది సార్' అనగలగాలి!

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు పెద్దలు. సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం ఆ మాట పనికిరాదు. వెయ్యి మెతుకులు మెత్తగా ఉడికినా ఆ తర్వాతది రాయిలా పంటికింద తగలొచ్చు. ఆ ఒక్కదాన్నీ వెతికి పట్టుకోవడమే టెస్టర్ ఉద్యోగం.

అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఆ ఉద్యోగంలో చేరినవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. 'ఇంతకీ నువ్వు చేసే పనేంటే?' అని తాతయ్య అడిగితే 'తప్పులు పట్టడం తాతయ్యా' అని నవ్వేస్తారు. నిజమే. కానీ తప్పు పట్టడం కన్నా కష్టమైన పని ఇంకొకటుంది. పట్టిన తప్పును పైవాళ్లకు చెప్పడం!

ఎందుకంటే, టెస్టర్ మోసుకొచ్చేది ఎప్పుడూ చేదు కబురే. సోమవారం రిలీజ్ అని క్లయింటుకు మాటిచ్చేసి ఉంటాడు మేనేజరు. శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి 'కస్టమర్ ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది సార్' అంటుంది. ఆ క్షణంలో మేనేజరు నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా ముఖ్యం. 'ఎలా జరుగుతోంది? ఏదీ, చూపించు' అంటే ఒక దారి. 'ఇప్పుడా చెప్పేది? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?' అంటే మరో దారి. రెండో మాట పడ్డ అమ్మాయి ఇంకోసారి చెప్పే ముందు పదిసార్లు ఆలోచిస్తుంది. పక్క సీట్లోంచి విన్నవాళ్లయితే అసలు నోరే విప్పరు.

వందకొకటా, లక్షకొకటా?

చెప్పినా వినకపోతే ఏమవుతుందో ప్రపంచం మొత్తం టీవీలో చూసింది. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది. అందులోని ఏడుగురూ చనిపోయారు. 'ఇంత చలిలో ప్రయోగం వద్దు, రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు పనిచేయకపోవచ్చు' అని ఆ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు ముందురోజు రాత్రే మొత్తుకున్నారు. నాసా అధికారులు ఒప్పుకోలేదు. చివరికి కంపెనీ పెద్దలే తమ ఇంజినీర్ల మాట పక్కనపెట్టి సరేనన్నారు.

విచారణ సంఘంలో సభ్యుడైన నోబెల్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రశ్నకు జవాబు వెతికాడు. షటిల్ కూలిపోయే ప్రమాదం ఎంత? పనిచేసే ఇంజినీర్ల అంచనా సుమారు వందకొకటి. మేనేజ్‌మెంట్ లెక్క లక్షకొకటి! అంటే రోజుకొకటి చొప్పున 300 ఏళ్లు ఎగరేస్తే ఒక్కటి మాత్రమే కూలుతుందన్నమాట. ఒకే సంస్థ, ఒకే వాహనం... లెక్కలో మాత్రం వెయ్యి రెట్ల తేడా. కిందివాళ్లకు తెలిసిన నిజం మెట్లెక్కి పైకి వెళ్లేసరికి అంత పలచబడిపోయింది.

అదే నివేదికలో ఫైన్‌మన్ మెచ్చుకున్న విభాగం ఒకటుంది. అది షటిల్ కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ రాసే విభాగం. అక్కడ ప్రోగ్రాం రాసేవాళ్లు వేరు, పరీక్షించేవాళ్లు వేరు. ఈ రెండో జట్టు ప్రత్యర్థుల్లా తప్పులు వెతుకుతుంది. చివరి దశలో ఒక్క తప్పు దొరికినా, అది ఎక్కడ పుట్టిందో మూలాల దాకా వెళ్లి చూస్తారు. 'ఇన్నేళ్లయింది, ఇంత ఖరీదైన పరీక్షలు ఇంకా ఎందుకు' అని మేనేజ్‌మెంట్ తగ్గించబోతే, దాన్ని అడ్డుకోవాల్సిందేనని ఆయన రాశాడు.

తప్పులు ఎక్కువైతే మంచి జట్టా?

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన మరీ చిత్రమైంది. మంచి జట్టుగా పనిచేసే ఆస్పత్రి వార్డుల్లో మందులిచ్చేటప్పుడు పొరపాట్లు తక్కువ జరుగుతాయని ఆమె అనుకుంది. లెక్క తీస్తే తలకిందులైంది. మంచి వార్డుల్లోనే నమోదైన పొరపాట్లు ఎక్కువ! తరచి చూస్తే తెలిసింది... అక్కడ నర్సులు భయం లేకుండా చెబుతున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. 1996లో అచ్చయిన ఈ అధ్యయనం టెస్టింగ్ టీములకూ పాఠమే. బగ్‌లు తక్కువగా కనిపిస్తున్నాయంటే సాఫ్ట్‌వేర్ బాగున్నట్టు కావచ్చు, చెప్పేవాళ్లు మానేసినట్టూ కావచ్చు.

బగ్‌ల లెక్కనుబట్టి జీతాలు పెంచుతామన్నా అంతే. ఒక బగ్‌ను మూడు ముక్కలు చేసి రాస్తారు. అక్షరదోషాలన్నీ ఏరి చూపిస్తారు. మూడు రోజులు తవ్వితేగానీ దొరకని పెద్ద బగ్ జోలికి ఎవరూ వెళ్లరు. అటు ప్రోగ్రాం రాసినవాళ్లేమో 'అది బగ్గే కాదు' అని వాదనకు దిగుతారు. లెక్క పెరుగుతుంది, నాణ్యత పెరగదు.

అయితే నమ్మకం ఒకవైపు నుంచే వచ్చేది కాదు. చేయని పరీక్షకు 'పాస్' అని రాసేసే టెస్టర్లూ ఉంటారు. అది ఒక్కసారి బయటపడిందా... ప్రతి పరీక్షకూ స్క్రీన్‌షాట్ పెట్టమంటాడు మేనేజరు. పరీక్షించాల్సిన సమయం సాక్ష్యాలు పోగేయడానికే సరిపోతుంది. నిజాయతీగా పనిచేసేవాళ్లకూ అదే శిక్ష.

మరేం చేయాలి? 'ఎవరు చేశారు' అని కాకుండా 'ఎలా జరిగింది' అని అడగడం మేనేజరు నేర్చుకోవాల్సిన మొదటి అలవాటు. బగ్ ఉందని తెలిసీ రిలీజ్ చేయాల్సిన సందర్భాలు వస్తాయి. ఆ నిర్ణయం తీసుకునే హక్కు ఆయనకుంది. కానీ 'టెస్టర్ చెప్పింది, నేనే సరేనన్నాను' అని తన పేరుతో రాసిపెట్టాలి. రేపు కస్టమర్ గొడవపెట్టాక 'టెస్టింగ్‌లో ఎలా వదిలేశారు?' అని కిందివాళ్ల మీదికి నెట్టేస్తే, అన్నేళ్ల నమ్మకం ఆ ఒక్క మెయిల్‌తో పోతుంది.

టెస్టర్ వైపు నుంచి చూస్తే, 'బాగాలేదు' అంటే చాలదు. ఏం నొక్కితే ఏమైంది, పదిసార్లలో ఎన్నిసార్లు అయింది, ఎవరికి నష్టం... ఇవన్నీ చెప్పాలి. అనుమానం వచ్చిన రోజే చెవిన వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, 'ఇవి చూశాను, ఇవి చూడలేదు' అని ఒప్పుకోవడం. ఆ రెండో మాట చెప్పగలిగిన మనిషి మొదటి మాటను ఎవరైనా నమ్ముతారు.

ఇదంతా ఆఫీసుల గొడవ, మనకెందుకు అనుకోనక్కర్లేదు. ప్రోగ్రెస్ కార్డు చూపించగానే వీపు విమానం మోగే ఇంట్లో పిల్లలకు మార్కులు పెరగవు. నాన్న సంతకం పెట్టడం మాత్రం బాగా వచ్చేస్తుంది!